తీగ లాగిన చెయ్యి

మూతబడ్డ కలప కోత మిల్లు పక్కన ఒక సందు ఉండేది. దీపాలు పెట్టే వేళ దాటితే అందులోంచి ఎవరూ నడిచేవారు కాదు. ఎంత చుట్టైనా పెద్ద వీధిలోంచే పోయేవారు గాని, ఆ గోడ పక్కన అడుగు పెట్టేవారు కాదు.

కారణం — ఆ చప్పుడు.

మిల్లులో మనిషి లేడు. గేటు తాళం తుప్పు పట్టింది. రంపాలు ఎప్పుడో ఊడదీసి అమ్మేశారు. అయినా చీకటి పడగానే లోపల రేకు మీద ఇనుము కొట్టిన చప్పుడు వచ్చేది. టక్... టక్. కాసేపు ఆగేది. మళ్ళీ — టక్... టక్. ఎవరో తలుపు తట్టి, లోపలివాళ్ళు పలుకుతారేమోనని చెవి ఒగ్గినట్టు.

మిల్లు నడిచే రోజుల్లో ఒక కూలీ చెయ్యి రంపం కింద పడి తెగిందనీ, వాడు నెత్తురు కారి చచ్చాడనీ, ఆ తెగిన చెయ్యి తన మనిషి కోసం రేకులు తడుముతూ తిరుగుతోందనీ ఊరంతా చెప్పుకునేది. ఆ చేతిని కళ్ళారా చూశామన్నవాళ్ళు కూడా ఉన్నారు. వేలికి ఉంగరం ఉందని ఒకడు అంటే, లేదని ఇంకొకడు తగువు పెట్టుకున్నాడు. పని లేని నోళ్ళకి చెయ్యి ఒక్కటే చాలదు, ఉంగరం కూడా కావాలి.

ఇది నేను పుట్టకముందు సంగతి. మా తాతయ్య చెప్పగా విన్నాను. ఆయన చెప్పినదానికి ఒక్క ముక్క కలపను, ఒక్క ముక్క తియ్యను. చివర్లో మాత్రం నేను చూసింది కొంచెం ఉంది.

తాతయ్య యుద్ధానికి వెళ్ళింది తుపాకీతో కాదు. భుజాన తీగచుట్టతో. ముందు వరస గుంటల్లో ఉన్నవాళ్ళకీ, వెనక ఉన్న అధికారులకీ మధ్య ఫోను తీగ పరచడం ఆయన పని. ఫిరంగి గుండు పడితే తీగ తెగేది. తెగితే, చీకట్లో దాన్ని చేత్తో తడుముకుంటూ పోయి అతకాలి. దీపం వెలిగించకూడదు. నోరు మెదపకూడదు. రెండింట్లో ఏది చేసినా ప్రాణం దక్కదు.

అందుకని జంటగా పనిచేసేవారు. ఒకడు గుంటలో తీగ కొస పట్టుకుని కూర్చుంటాడు. ఇంకొకడు పాకుతూ పోతాడు.

తాతయ్య జతగాణ్ణి అందరూ 'సైగ' అని పిలిచేవారు. నోటితో చెప్పాల్సినవి కూడా చేతులతోనే చెప్పేవాడు. "ఒరేయ్ సైగా, దేవుడు నీకు నోరిచ్చింది తిండికేనా?" అని వంటవాడు వెక్కిరిస్తే, అవునని తలూపి, ఇంకో రెండు గరిటెలు వెయ్యమని వేళ్ళు చూపించేవాడట.

తీగతో మాట్లాడటం వాళ్ళందరికీ నేర్పింది అతనే. రెండు చిన్న లాగుళ్ళు — 'ఉన్నావా?' అని. ఒక్క పొడుగు లాగుడు — 'ఉన్నాను, వస్తున్నా' అని. అంతే భాష.

"మరి గాలికి తీగ కదిలితే?" అని తాతయ్య అడిగాడట.

సైగ నోరు విప్పిన రోజులు తక్కువ. ఆ రోజు విప్పాడు. "గాలి ఊపుతుంది. మనిషి లాగుతాడు. చేతికి తెలుస్తుంది."

"ఈ విద్య ఎక్కడ పట్టావురా?"

"మా ఇంట్లో మాటలకంటే ఇదే ఎక్కువ" అని నవ్వాడట.

తాతయ్యకి అర్థం కాలేదు. అడగనూ లేదు. అలాంటి చోట ఒకడి ఇంటి సంగతి ఇంకొకడు తవ్వడు. తవ్వితే ఇద్దరికీ నిద్ర పట్టదు.

ఒక రాత్రి తీగ తెగింది. సైగ వెళ్ళాడు. తాతయ్య కొస పట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి చేతిలో రెండు చిన్న లాగుళ్ళు... ఉన్నావా?

తాతయ్య పొడుగ్గా లాగాడు... ఉన్నాను.

అప్పుడు గుండు పడింది.

మట్టి రాలడం ఆగాక తాతయ్య రెండుసార్లు లాగాడు. జవాబు లేదు. పైకి లేవబోతే దళం పెద్ద మెడ పట్టి కూర్చోబెట్టాడు. మళ్ళీ లాగాడు. తెల్లవారేదాకా లాగుతూనే ఉన్నాడు. వెలుతురు వచ్చాక గట్టిగా ఒక్క గుంజు గుంజితే, తీగ బరువు లేకుండా చేతిలోకి వచ్చేసింది.

"నూతిలో చేద ఊడిపోతే ఉత్త తాడు పైకొస్తుంది చూడు... అలా వచ్చిందిరా" అనేవాడు తాతయ్య.

సైగని అక్కడే పూడ్చారు. తీగ కత్తిరించే అతని కటింగ్ ప్లేయరు తాతయ్య దగ్గర ఉండిపోయింది. దాని పిడికి ఎర్ర దారం బిగించి చుట్టి ఉంది.

యుద్ధం అయిపోయింది. బతికినవాళ్ళు ఇళ్ళకి పోయారు. తాతయ్యకి ఎదురుచూసే ఇల్లు లేదు, అమ్మానాన్నలు అంతకుముందే పోయారు. అందుకని పోయిన జతగాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ బయలుదేరాడు. ఒక రేకు పెట్టెలో ఒకడి దువ్వెన, ఒకడి చెంచా, ఇలాంటివి.

"మిలిటరీ ఆఫీసు కాగితం గుమ్మం దాకానే వస్తుందిరా. గుమ్మం దాటి లోపలికి మనిషే వెళ్ళాలి" అనేవాడు.

దువ్వెన అందుకున్న తండ్రి, పళ్ళ మధ్య వెంట్రుక ఏమైనా మిగిలిందేమోనని వెలుతురుకి పట్టి చూశాడట. చెంచా అందుకున్న భార్యకి అప్పటికే మళ్ళీ పెళ్ళయింది. దాన్ని కొంగున ముడేసుకుని, "ఇంకెప్పుడూ రాకు అన్నా" అందట.

తాతయ్య పెట్టుకున్న నియమం ఒక్కటే. ఎదురుగా నిలబడి చెప్పాలి. మెల్లగా చెప్పొచ్చు, అబద్ధం చెప్పకూడదు. బతికున్నాడేమో అన్న ఆశ ఒక్క పూటకైనా మిగల్చకూడదు. ఆ నియమం సరైనదేనని నేనూ అంటాను. అబద్ధం వచ్చిన రోజు చుట్టంలా ఉంటుంది. తర్వాత రోజూ దానికి వండిపెట్టాలి.

చివరికి సైగ ఇల్లు ఒక్కటే మిగిలింది. అతను రాయించిన చిరునామా ఈ ఊరి కోత మిల్లు. ఆఫీసు పంపిన చావు కబురు, మిల్లు మూసేశారని తిరిగొచ్చింది. దాంతో ఆఫీసు పని అయిపోయింది. తాతయ్య పని అవలేదు.

ఆయన ఊళ్ళో దిగేసరికి పొద్దు వాలుతోంది. బస్సు ఆగినచోట టీ కొట్టు ఉంటే, మిల్లుకి దారి అడిగాడు.

టీ కొట్టువాడు గ్లాసు కడగడం ఆపాడు. "ఆ మిల్లుకా? ఈ వేళప్పుడా?"

బల్ల మీద కూర్చున్న మంగలి నవ్వాడు. "వెళ్ళనియ్యి బావా. పాపం ఆ చెయ్యి ఒంటరిగా ఉంది. షేక్‌హ్యాండ్‌కి మనిషి దొరికాడు."

"నోర్ముయ్యి. దీపాలవేళ ఆ మాటలేంటి?" అని వాణ్ణి కసిరి, టీ కొట్టువాడు తాతయ్య వైపు తిరిగాడు. "బాబూ, పొద్దున వెళ్ళు. రాత్రికి ఈ బల్ల మీదే నడుం వాల్చు."

"ఆ మిల్లులో పనిచేసిన ఒక అబ్బాయి ఇంటివాళ్ళు కావాలి. నోటితో మాట్లాడడు, చేతులతో చెబుతాడు. యుద్ధానికి వెళ్ళాడు."

"నేనీ కొట్టు పెట్టేసరికే మిల్లు మూశారయ్యా. పనివాళ్ళు కాకుల్లా చెదిరిపోయారు."

"పోనీ, కాపలావాడు?"

"దెయ్యమే కాపలా" అన్నాడు మంగలి. "జీతం అడగదు, కునుకు తియ్యదు. అంత మంచి కాపలావాడు నీకెక్కడా దొరకడు."

తాతయ్య గ్లాసు కింద పెట్టాడు. "చచ్చినవాళ్ళ పక్కన పడుకుని లేచినవాణ్ణి తమ్ముడూ. వాళ్ళు నాకెప్పుడూ అపకారం చెయ్యలేదు. చేసిందంతా బతికున్నవాళ్ళే."

మంగలి ఇంక నవ్వలేదు.

గేటు పక్కన గోడ విరిగినచోట తాతయ్య లోపలికి దూరాడు. రంపపు పొట్టు అడుగు కింద మెత్తగా దిగబడుతోంది. తడిసి కుళ్ళిన కలప వాసన. షెడ్డులో తన చెయ్యి తనకే కనబడనంత చీకటి.

"ఎవరండీ లోపల?"

ఎవరూ పలకలేదు. పొద్దునే వద్దామని వెనక్కి తిరిగాడు.

టక్... టక్.

ఆగిపోయాడు.

టక్... టక్.

అగ్గిపుల్ల గీశాడు. రంపం బల్ల ఉండే చోట గోడకి ఒక రేకు ముక్క. దాని ముందు ఇనుప కడియం ఒకటి వేలాడుతోంది. కడియానికి సన్నటి తీగ. ఆ తీగ కొక్కేల మీదుగా గోడ వెంట పోయి, చీకట్లో ఎటో కలిసిపోయింది.

ఓస్, ఇంతేనా... గాలికి కడియం రేకుని కొడుతోంది. దీనికా ఊరు ఊరంతా దడుచుకుంది?

పుల్ల ఆరిపోయింది. ఆ చప్పుడు ఆపుదామని చెయ్యి చాపి కడియం పట్టుకున్నాడు.

ఆయన గుప్పిట్లో... రెండు చిన్న లాగుళ్ళు.

గాలి ఊపుతుంది. మనిషి లాగుతాడు.

ఇది ఊపు కాదు.

"భయం వేసిందా తాతయ్యా?" అని నేను ప్రతిసారీ అడిగేవాణ్ణి.

"భయం తర్వాతరా. చెయ్యి దానికంటే ముందుంది."

ఆయన చెయ్యి ఆయన్ని అడగలేదు. పొడుగ్గా, ఒక్కసారి లాగింది. ఉన్నాను... వస్తున్నా.

ఆ తప్పు, తీగ పని చేసినవాడు తప్ప ఇంకొకడు చెయ్యడు. వేరేవాడైతే కడియం వదిలేసి పరుగు తీసేవాడు. తీగ పట్టినవాడు, పిలిచిందెవరని అడగడు. ముందు పలుకుతాడు.

తీగ బిగుసుకుంది. సన్నగా వణికింది. తర్వాత...

గోడ అవతల ఒక కేక. మనిషి గొంతే — మనిషి మాట కాదు. తన గొంతు తానెప్పుడూ వినని గొంతు. ఏదో గిన్నె దొర్లిన చప్పుడు. పరుగెత్తే కాళ్ళు. షెడ్డు చివర గోడలో ఎక్కడో గడియ ఊడింది. ఒక దిడ్డి తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. దాని వెనక వెలుగు.

దీపం పట్టుకుని ఒక ముసలావిడ. తల నెరిసిపోయింది. రెండో చెయ్యి ముందుకి చాపి ఉంది. తాతయ్య మొహానికి దీపం దగ్గరగా పెట్టి చూసింది. నవ్వు చెదరలేదు. ఆయన్ని దాటి ఆయన వెనక చూసింది. బల్ల వెనక, దుంగల చాటున, మూల మూలకీ దీపం పట్టి చూసింది. దాగుడుమూతల్లో దాక్కున్న బిడ్డని వెతికినట్టు.

తిరిగొచ్చి చేత్తో అడిగింది. అరచెయ్యి తలపైకి ఎత్తి — ఇంత పొడుగువాడు. వేళ్ళు విప్పి — ఏడీ?

ఆ చేతులు తాతయ్యకి తెలుసు. అవి సైగ చేతులు. వేళ్ళు విప్పే తీరు కూడా అదే.

ఆవిడ పుట్టు చెవిటి. మాట లేదు. ఇల్లు మిల్లు వెనక గోడకి ఆనుకునే ఉంది గాని, దాని వాకిలి ఇంకో వీధిలోకి. కొడుకు ఈ బల్ల దగ్గర పనిచేసేటప్పుడు, తిండివేళకి ఆవిడ అటునుంచి తీగ లాగేది — ఉన్నావా? కొడుకు ఇటునుంచి లాగేవాడు — వస్తున్నా. అతను యుద్ధానికి పోయాక కూడా రోజూ చీకటిపడగానే అదే ప్రశ్న అడుగుతోంది. ఇటువైపు రేకు మోగుతుందని ఆవిడకి తెలియదు. ఆ మోతకి ఊరు వణుకుతోందనీ తెలియదు. ఆవిడ వీధికి ఆ చప్పుడు వినబడదు. వినబడే ఈ సందులోవాళ్ళు, గోడ అవతల ఎవరున్నారని ఒక్కసారి వెళ్ళి చూడలేదు. దెయ్యాన్ని నమ్మడం సులువు. అడిగి తెలుసుకోవడం పని.

ఇన్నేళ్ళ ప్రశ్నకి ఆ రాత్రి జవాబు దొరికింది. చచ్చిపోయాడని చెప్పడానికి వచ్చినవాడే, వస్తున్నానని చెప్పాడు.

ప్రతి ఇంట్లోనూ చెప్పిన వాక్యం తాతయ్య దగ్గర ఉంది. చెప్పాడు. ఆవిడ ఆయన పెదవుల వైపే చూస్తూ, నవ్వుతూ, ఎదురుచూసింది.

కటింగ్ ప్లేయరు తీసి ఇచ్చాడు. పిడికి ఉన్న ఎర్ర దారం చూసి కళ్ళకద్దుకుంది — ఆ దారం చుట్టింది ఆవిడే. నవ్వు ఇంకా పెద్దదయింది. ఆయన్ని చూపించింది, గేటు వైపు చూపించింది. నిన్ను ముందు పంపాడా? వెనకాలే వస్తున్నాడా?

"తల ఆడిస్తే చాలురా" అనేవాడు తాతయ్య. "ఒక్కసారి ఆడిస్తే చాలు... ఆ రాత్రికి ఆవిడ కడుపునిండా తినేది."

ఆడించలేదు.

ప్లేయరు తిరిగి తీసుకుని, కడియం ఆవిడ చేతిలో పెట్టాడు. తీగ వెంట కొంత దూరం పోయి నిలబడి, రెండు చిన్న లాగుళ్ళు లాగాడు. ఆవిడ సంబరంగా పొడుగ్గా లాగింది. మళ్ళీ లాగాడు. ఆవిడ మళ్ళీ పలికింది.

అప్పుడు ఆవిడ చూస్తుండగా, ఆవిడ కొడుకు ప్లేయరుతోనే, తీగని కత్తిరించాడు.

లాగమని సైగ చేశాడు.

ఆవిడ లాగింది. తీగ బరువు లేకుండా వచ్చేసింది. ఇంకా లాగింది. కొక్కేల్లోంచి జారి జారి, కొస దాకా చేతిలోకి వచ్చింది. ఆ కొసని వేలితో తాకి చూసింది. ప్లేయరు వైపు చూసింది. ఆయన వైపు చూసింది.

దీపం కింద పెట్టేసింది.

ఆ తర్వాత వచ్చిన చప్పుడు ఎలా ఉందో చెప్పమని నేను ఎన్నిసార్లు అడిగినా తాతయ్య చెప్పలేదు.

ఆ చప్పుడు విని పక్కింటి దర్జీ భార్య కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. సంగతి తెలిసి మండిపడింది. "నీకు బుద్ధుందా అయ్యా? ముసలిప్రాణం. ఇంకో నాలుగు రోజులు ఆశగా బతికితే నీ సొమ్మేం పోయింది?"

"ఇన్నాళ్ళూ మీరేం చెప్పారమ్మా, ఆ అబ్బాయి గురించి?"

ఆవిడ కర్ర దించింది. "ఏం చెబుతాం... యుద్ధం అయిపోయినా రాలేదు. పరాయి ఊళ్ళో ఎవత్తెనో కట్టుకుని తల్లిని వదిలేశాడని వీధంతా అంది. నేనూ అన్నాను. ఆవిడకి వినబడదు కదా అని."

"మొహాలు కనబడతాయి కదమ్మా."

దర్జీ భార్య ముసలావిడ మొహం వైపు చూసింది.

"వాడు తల్లిని వదల్లేదు. చివరి నిమిషంలో వాడి చేతిలో ఉన్నది కూడా ఈ ఇంటి మాటే. 'ఉన్నావా' అనే అడిగాడు."

దర్జీ భార్య కర్ర పక్కన పడేసి, ముసలావిడ పక్కన నేల మీద కూలబడింది. తెల్లవారేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. తాతయ్య దూరంగా దుంగ మీద కూర్చున్నాడు.

పొద్దున ఆయన రేకు పెట్టె తీసుకుని లేస్తే, ముసలావిడ ఆయన మణికట్టు పట్టుకుంది. తెగిన తీగ రెండు కొసలూ తెచ్చి చేతిలో పెట్టింది. అతుకు.

అతికాడు. ఆవిడ దిడ్డి తలుపు దాటి లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి... టక్, టక్.

ఈసారి ఇవతల ఎవరున్నారో ఆవిడకి తెలుసు. తాతయ్య కడియం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత లాగాడు.

"అది అబద్ధం కాదురా" అనేవాడు నాతో. "ఉన్నాను అన్నాను. ఉన్నాను కదా."

ఉండిపోయాడు. దెయ్యం ఉన్న మిల్లుకి కాపలా కాస్తానంటే యజమాని కాదనలేదు, గది కూడా ఇచ్చాడు. పెళ్ళి, పిల్లలు, అన్నీ ఆ గదిలోనే. ముసలావిడని మా నాన్న నాయనమ్మ అనే పిలిచాడు. "కట్టుకున్నదాన్ని, నేను గొంతు చించుకుని పిలిస్తే పలకడు. ఆ తీగ కదిలితే మాత్రం పెళ్ళికొడుకులా లేస్తాడు" అని మా బామ్మ ఎత్తిపొడిచేది. ఎత్తిపొడుస్తూనే, వండినదాంట్లో ఒక గిన్నె దిడ్డి తలుపు దగ్గర పెట్టేది.

ఊరికి నిజం చెప్పారు. ఊరు ఒప్పుకోలేదు. దెయ్యం రుచి మరిగిన నోటికి నిజం చప్పగా ఉంటుంది. తెగిన చెయ్యి పోయి, తీగ పట్టుకున్న చెయ్యి వచ్చింది. అంతే తేడా.

నాకు మాటలు రాకముందే ముసలావిడ పోయింది. ఆ ఇల్లు కూడా కూలగొట్టారు. అవతల ఉత్త ఖాళీ స్థలం. తీగ తీసేద్దామని మా నాన్న అంటే, తాతయ్య "ఉండనీ" అన్నాడు. ఎప్పుడో తన మంచం దాకా పొడిగించుకున్న తీగ, దాని కొసన కడియం, రేకు అలాగే ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఒక్కసారి కూడా మోగలేదు.

తాతయ్య చివరి రోజుల్లో నేనూ మా మేనత్తా మంచం పక్కనే ఉన్నాం. ఆయనకి మాట సరిగ్గా రావడం లేదు. ఒకనాడు చీకటి పడుతుండగా అత్తయ్య దీపం వెలిగించి ఇలా కూర్చుందో లేదో...

టక్... టక్.

అత్తయ్య నావైపు చూసింది. "గాలిరా" అంది గుసగుసగా.

టక్... టక్.

తాతయ్య కళ్ళు తెరిచాడు. "ఒరేయ్... తీగ."

కడియం ఆయన గుప్పిట్లో పెట్టాను. పట్టుకునే బలం లేదు. అందుకని ఆయన చేతి మీద నా చెయ్యి వేసి మూశాను. ఆ చెయ్యి మెల్లగా, పొడుగ్గా, ఒక్కసారి లాగింది. నేను లాగలేదు. నా చెయ్యి పైన ఉందంతే.

ఒక క్షణం ఏమీ లేదు.

తర్వాత మా ఇద్దరి చేతులూ కలిసి... గోడ వైపు జరిగాయి. బెత్తెడు దూరం. మెత్తగా. చెయ్యి పట్టుకుని పిల్లవాణ్ణి లేపినట్టు.

తీగ వదులైంది. ఆయన చెయ్యీ వదులైంది.

తెల్లవారాక గోడ అవతలికి వెళ్ళి చూశాను. కంతలోంచి తీగ కొస మోకాలి ఎత్తున వేలాడుతోంది. దేనికీ కట్టి లేదు. చుట్టూ తడి నేల, దాని మీద ఒక్క అడుగు గుర్తు లేదు.

దెయ్యాలు ఉన్నాయని నేను చెప్పను. అలా చెప్పేవాళ్ళని చిన్నప్పటి నుంచీ చీవాట్లు పెడుతూనే ఉన్నాను. ఆ రాత్రి గాలి లేదని కూడా చెప్పను. ఉంది, బాగానే వీచింది.

కాని గాలి ఊపుతుంది. లాగదు.